శంషాబాద్‌లో ఒక పూట

సింగపూర్‌లో విమానం మారేవాళ్లకు ఐదున్నర గంటల పైన ఖాళీ ఉండి, ఊళ్లోకి వెళ్లే అనుమతి కూడా ఉంటే, చాంగీ విమానాశ్రయం వాళ్లే బస్సెక్కించి తిప్పి తీసుకొస్తారు. పైసా తీసుకోరు. ఇస్తాంబుల్‌లో టర్కిష్ ఎయిర్‌లైన్స్ కూడా తన ప్రయాణికుల కోసం ఇదే పని చేస్తోంది, భోజనం పెట్టి మరీ. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లొచ్చే అమ్మానాన్నలు అలా చూసిన ఊరి గురించి ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

ఆ మర్యాద మన శంషాబాద్‌లో దిగినవాళ్లకూ దక్కాలి. 2014 నవంబరులో ఎలక్ట్రానిక్ వీసా మొదలుపెట్టిన తొమ్మిది విమానాశ్రయాల్లో హైదరాబాద్ ఒకటి. ముందే వీసా తీసుకున్నవాళ్లు బయటికి రావచ్చు. వస్తే ఏం చూపించాలి? చార్మినార్, గోల్కొండ అంటారు ఎవరైనా. ఉన్న ఆరు గంటల్లో సగం ట్రాఫిక్‌కే పోతుంది. వద్దు. విమానాశ్రయం చుట్టూ ఉన్నదే చూపిద్దాం.

శంషాబాద్ పక్కనే నర్కూడ. అక్కడ అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి ఉంది, పదమూడో శతాబ్దం నాటిదంటారు. ఏడంతస్తుల గోపురం దాటి లోపలికి వెళ్తే గర్భగుడిలో నల్లరాతి సీతారామలక్ష్మణులుంటారు. వాళ్ల పక్కన హనుమంతుడు ఉండడు, ఎదురుగా ధ్వజస్తంభం దగ్గర ఉంటాడు. కోనేటి మెట్ల మీద కూర్చుంటే కమానుల నీడ నీళ్లలో పడుతుంది. ఆ కోనేరు ఎన్ని సినిమాల్లో కనిపించిందో! తెరమీద చూసి మురిసిపోయే మనమే గుడి పేరు అడిగితే తెల్లమొహం వేస్తాం.

అక్కడి నుంచి హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరద మిగిల్చిన దుఃఖంలోంచి పుట్టిన రెండు జలాశయాల్లో ఇదొకటి. 1927లో ఈసీ వాగు మీద కట్టడం పూర్తయింది. కట్ట మీద కాసేపు నిలబడితే చాలు, ఈ నగరం నీళ్ల కోసం ఏం చేసిందో వేరే చెప్పక్కర్లేదు.

తిండి మాత్రం బుద్వేల్‌లో పెట్టాలి. పక్కనే రాజేంద్రనగర్‌లో దేశపు చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. వచ్చినవాళ్ల ముందు వేడి జొన్నరొట్టె పెట్టకుండా పంపడం నాకు నచ్చదు. వేణ్నీళ్లు పోసి పిండి పిసికి, పీట మీద అరచేత్తో తట్టుతూ తిప్పుతూ పలచగా సాగదీసే చేతుల్ని వాళ్లు దగ్గరగా చూడాలి. పెనం మీద వేశాక తడిగుడ్డతో పైన నీళ్లద్ది తిప్పితే రొట్టె పొంగుతుంది. ఎల్లిగడ్డ కారం, చింతకాయ తొక్కు, గిన్నెడు పప్పు. ఎండాకాలమైతే తాటిముంజలు, చలి మొదలయ్యే రోజుల్లో సీతాఫలాలు. వండే పని చుట్టుపక్కల మహిళా సంఘాలకే ఇవ్వాలి, హోటళ్లకు కాదు. చెయ్యి తిరిగినవాళ్లు వాళ్లే.

ఇది విదేశీయుల కోసమే అడగడం లేదు. కొడుకునో కూతురినో సాగనంపడానికి తుఫాన్ బండి కట్టించుకుని ఇల్లంతా కదిలొస్తుంది. పిల్లవాడు గేటు దాటి లోపలికి వెళ్లాక, ఏడ్చిన కళ్లతో తల్లి అదే బండెక్కి ఊరికి మళ్లుతుంది. ఆమెకూ ఈ బస్సులో చోటుండాలి.

ముందుగా శని, ఆదివారాల్లో ఒక్క బస్సు నడిపి చూడండి. గుడి దగ్గర శుభ్రమైన మరుగుదొడ్లు కట్టండి. సామాను దాచుకునే చోటు చూపించండి. నాలుగు భాషల్లో కాకపోయినా, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఊరి కథ చెప్పగల నర్కూడ పిల్లలకు ఆ ఉద్యోగమివ్వండి.