చేతి వైద్యం సరే.. ఇన్‌హేలర్ మానొద్దు!

పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం ఎత్తి దించేచోట గాలి వీచిందంటే విశాఖ పాతనగరం, జ్ఞానాపురం ఇళ్లలో ఆరేసిన బట్టలు కూడా నల్లబడతాయి. దీనికి వాహనాల పొగ తోడు. ఉబ్బసం ఉన్నవారికి ఇంతకంటే ఏం కావాలి? పిల్లికూతలు మొదలవుతాయి. అందుకే ఎవరు ఏ వైద్యం మంచిదన్నా ఆశ పుడుతుంది. మృగశిర కార్తెకు చేపమందు కోసం హైదరాబాద్ వెళ్లొచ్చేవారూ ఉన్నారు. మరి ఆస్టియోపతీతో ఆస్తమా తగ్గుతుందా?

ఏమిటీ వైద్యం?

1874లో అమెరికా వైద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్ చెప్పిన పద్ధతి ఇది. కీళ్లను, కండరాలను చేతులతో నొక్కి, సాగదీసి వదులు చేస్తారు. ఆయాసం వచ్చినప్పుడు మెడ, భుజాలు, పక్కటెముకల మధ్య కండరాలు అదనంగా శ్రమించి బిగుసుకుపోతాయి. వాటిని సడలిస్తే ఛాతీ తేలిగ్గా కదులుతుందన్నది దీని వెనకున్న ఆలోచన.

ఫలితం ఎంత?

2005లో అమెరికాలో 140 మంది ఆస్తమా పిల్లలపై జరిపిన అధ్యయనం వెలువడింది. ఈ చికిత్స చేసినవారిలో గాలి ఊదే వేగం నిమిషానికి 7 నుంచి 9 లీటర్లు పెరిగింది. లాభమే, కానీ స్వల్పం. వెన్నెముకను సర్దే కైరోప్రాక్టిక్‌పై 1998లో కెనడా వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో మాత్రం, నాలుగు నెలలు చేసినా ఉత్తుత్తి చికిత్సకు మించిన ప్రయోజనం కనిపించలేదు.

కారణం తెలిసిందే. ఉబ్బసానికి మూలం శ్వాసనాళాల లోపలి వాపు. అది పైనుంచి నొక్కితే పోదు. దాన్ని అదుపు చేసేది పీల్చే స్టెరాయిడ్ మందే. ‘హాయిగా ఉంది కదా’ అని ఇన్‌హేలర్ పక్కన పెడితే వాపు లోలోపల పెరిగి, ఒక రాత్రి ప్రాణం మీదికి తెస్తుంది.

చేయించుకోవాలనుకుంటే..

* ముందు మీ ఛాతీ వైద్యుడికి చెప్పండి. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినవారికి ఎముకలు గుల్లబారి ఉండొచ్చు. గట్టిగా నొక్కితే పక్కటెముక విరిగే ప్రమాదం ఉంది.

* ఆయాసం ఎక్కువగా ఉన్నరోజు వద్దు.

* రోజూ పొద్దున్నే పీక్ ఫ్లో మీటర్‌లో ఊది, అంకె రాసుకోండి. నెల తర్వాత చూస్తే గుణం ఉందో లేదో మీకే తెలుస్తుంది.

* ఫిజియోథెరపిస్టు దగ్గర పొట్టతో నిదానంగా ఊపిరి తీయడం నేర్చుకోండి. మందులు వాడుతూ ఇది చేస్తే ఇబ్బంది కొంత తగ్గుతుంది.

మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా, ఇన్‌హేలర్ పీల్చినా ఉపశమనం లేకపోయినా ఇంట్లో ఒళ్లు పట్టిస్తూ కూర్చోవద్దు. కేజీహెచ్ గానీ, దగ్గర్లోని ఆస్పత్రికి గానీ వెంటనే తీసుకెళ్లండి.