ఒడ్డున కూర్చుంటేనే చెరువు తెలుస్తుంది

ఆదివారం సాయంత్రం సంజీవయ్య పార్కుకి వెళ్దామా అంటే మా ఇంట్లో మూడు జవాబులు వస్తాయి. మా ఆయన, "అక్కడేముంది, కంపు తప్ప!" అంటారు. మా చిన్నది ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "ఐస్‌క్రీమ్ కొనిపెడితే వస్తా" అంటుంది. అత్తమ్మ మాత్రం వెంటనే లేచి, "పోదాం తియ్యి. పూజ పూలు గూడ జమైనయ్, చెర్ల ఏసొద్దాం" అంటుంది.

ఈ మూడో జవాబు గురించే ఈ రోజు రాస్తున్నాను.

అంతకంటే ముందు మన సంగతి ఒకటి చెప్పుకుందాం. మనం పార్కుకి ఎలా వెళ్తామో గమనించారా? పులిహోర డబ్బా, నీళ్ళ సీసాలు, చాప, పేపరు ప్లేట్లు, పిల్లలకి ఇంకో జత బట్టలు. అక్కడికి వెళ్ళాక అందరికీ పెట్టడం, తిన్నవి ఎత్తడం, "నీళ్ళ దగ్గరికి పోకు" అని అరవడం. వెలుగు పోగానే సర్దుకుని ఇంటికి రావడం. అంటే వంటింటిని మోసుకెళ్ళి గడ్డి మీద పెట్టుకుని మళ్ళీ మోసుకొచ్చామన్నమాట. చెరువు వైపు చూసింది ఎంతసేపు? ఫోటో తీసుకున్నంతసేపు.

మొన్న నేను మొండికేశాను. డబ్బాలు లేవు, చాప లేదు. ఆకలేస్తే బయట మిర్చి బజ్జీలు కొనుక్కుందాం అన్నాను. మా ఆయన నా వైపు వింతగా చూశారు కానీ బండి తీశారు.

హుస్సేన్ సాగర్ ఉత్తరపు ఒడ్డున ఉంటుంది ఈ పార్కు. ముఖ్యమంత్రిగా చేసిన దామోదరం సంజీవయ్య గారి పేరు పెట్టారు, ఆయన సమాధి కూడా ఇక్కడే ఉంది. 2016లో రాష్ట్రావతరణ రోజున ఎగరేసిన 291 అడుగుల జెండా స్తంభమూ ఇక్కడిదే. ఒడ్డున నిలబడితే ఎదురుగా నీళ్ళ మధ్య బుద్ధుడు, ఎడమ పక్కన దూరంగా ట్యాంక్‌బండ్, కుడి పక్కన నెక్లెస్ రోడ్డు మీదుగా దిగిపోయే సూర్యుడు.

మా చిన్నది బజ్జీ తింటూ అడిగింది, "అమ్మా, చార్మినార్ పాతదా, ఇది పాతదా?" చాలామందిలాగే దాని నాన్న కూడా చార్మినార్ అన్నారు. కాదు. చార్మినార్ 1591లో కట్టారు. ఈ చెరువు అంతకు దాదాపు ముప్ఫై ఏళ్ళ ముందే, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, హుస్సేన్ షా వలీ ఆధ్వర్యంలో తయారైంది. ఆయన పేరే చెరువుకి వచ్చింది. హైదరాబాద్ అనే ఊరు పుట్టకముందే ఈ నీళ్ళున్నాయి. ఒకప్పుడు ఇవి తాగేనీళ్ళు కూడా. ఆ మాట చెప్పగానే మా చిన్నది బజ్జీ పక్కన పెట్టి, "ఛీ, ఈ నీళ్ళా?" అంది.

ఆ "ఛీ" నాకు గుచ్చుకుంది. అత్తమ్మకి ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. "మా ఊరి చెర్ల నీళ్ళు దోసిట పట్టి తాగెటోళ్ళం బిడ్డా. బతుకమ్మను గూడ గండ్లనే వదిలెటోళ్ళం" అంది. అంటూనే సంచిలోంచి ఆకుపచ్చ ప్లాస్టిక్ కవరు తీసి, దండం పెట్టుకుని నీళ్ళలోకి విసిరింది. వారం రోజుల పూజ పూలు, అగరబత్తి పుల్లలు, కుంకుమ పొట్లాలు, అన్నీ కలిపి గట్టిగా ముడి వేసిన కవరు.

నాకు ఒళ్ళు మండింది. "ఎందుకు వేశారత్తమ్మా?" అన్నాను. "దేవుని పూలు చెత్తబుట్టల ఎయ్యమంటవా? గంగమ్మల ఏస్తే పున్నెం" అంది. ఇద్దరం ముఖాలు తిప్పుకున్నాం. మామూలుగా అయితే అప్పుడే బండెక్కి ఇంటికొచ్చి, రెండు రోజులు అవసరమైన మాటలే మాట్లాడుకునేవాళ్ళం.

కానీ ఆ రోజు సర్దుకోవడానికి డబ్బాలు లేవు కదా. అలాగే కూర్చుండిపోయాం. గాలి మా వైపుకే వీస్తోంది. పావుగంటకో అరగంటకో, నీళ్ళ మీద ఆకుపచ్చగా ఏదో ఊగుతూ వచ్చింది. వచ్చి వచ్చి, సరిగ్గా మా ముందు గట్టు రాళ్ళ సందులో ఇరుక్కుంది. దాని పక్కన ఇంకో పది కవర్లు, కొబ్బరి చిప్పలు, చెయ్యి విరిగిన చిన్న దేవుడి బొమ్మ.

అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది, "గా కవరు మనదే గద."

నేనేమీ అనలేదు. అనకపోవడమే మంచిదైంది.

ఆ రోజు నాకు అర్థమైంది ఒకటే. కవరు విసిరి వెంటనే వెళ్ళిపోయేవాళ్ళకి అది ఎక్కడికి పోతుందో ఎప్పటికీ తెలియదు. కాసేపు కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. ఇన్నేళ్ళుగా అత్తమ్మ భక్తిలో లోపం లేదు. ఊరి చెరువులో ఆమె వదిలింది తంగేడు, గునుగు, బంతి, పసుపు గౌరమ్మ. అవి నీళ్ళలో కలిసిపోయాయి. ఇక్కడ చెరువు మారింది, చేతిలోది మారింది, అలవాటు మాత్రం మారలేదు.

ఇంటికొచ్చే దారిలో మా ఆయన, "మీ పూల కవరుతోనే పాడైందా ఇంత చెరువు? నాలాల సంగతి చూడు ముందు" అన్నారు. ఆయన అన్నదీ నిజమే. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ అని నాలుగు నాలాలు ఈ చెరువుకి చేరతాయి. దశాబ్దాలుగా ఇళ్ళ మురుగూ, ఫ్యాక్టరీల వ్యర్థాలూ వాటిలోంచి వచ్చాయి. మురుగు నీటిలో ఉండే నత్రజని, భాస్వరం తిని నాచు, గుర్రపుడెక్క పెరుగుతాయి. అవి కుళ్ళేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ అయిపోతుంది. ఆక్సిజన్ లేని చోట కుళ్ళితే వచ్చేదే మనం ముక్కు మూసుకునే ఆ వాసన. ఇది ఇల్లాళ్ళు పూల కవర్లు ఆపేస్తే తీరే సమస్య కాదు. ఫ్యాక్టరీలను ఆపాల్సినవాళ్ళు ఆపాలి, మురుగును శుద్ధి చేయాల్సినవాళ్ళు చేయాలి. అడగాల్సిందే, వదలకూడదు.

కానీ అడిగేదెవరు? కారు అద్దాలు ఎక్కించుకుని ట్యాంక్‌బండ్ దాటేవాళ్ళు అడగరు, వాళ్ళకి అది రెండు నిమిషాల కంపు. చెరువుని తనదనుకున్నవాళ్ళు అడుగుతారు. తనదనుకోవాలంటే దాని పక్కన కూర్చోవాలి. పైగా మాది బేగంపేట వైపు, మా వెనక వీధి పక్కనుంచే నాలా పోతుంది. నేను సింకులో పారబోసే మాడిన నూనె ఎటు పోతుందని నన్నెవరైనా అడిగితే, ఇంతకాలం నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు నూనె చల్లారాక పాత పేపరుతో తుడిచి చెత్తలో వేస్తున్నాను. పెద్ద పనేం కాదు, చెప్పుకోవడానికి సిగ్గేసేంత చిన్న పని. అయినా మన చేతిలో ఉన్నది మనం చేశాకే ఎదుటివాళ్ళని గట్టిగా అడగగలం.

పూల సంగతి అత్తమ్మే తేల్చింది. అడుగున చిల్లులున్న పాత కుండలో కింద ఎండుటాకులు, పైన పూలు, దాని మీద గుప్పెడు మట్టి. దారాలు, కాగితాలు ఏరి పక్కన పెడుతుంది. అలా పొరలు పొరలుగా వేస్తూ పోతే కొన్ని నెలలకి నల్లటి మట్టి తయారైంది. దాన్ని తీసుకెళ్ళి తులసి కోటలో వేసింది. "దేవుని పూలు తులసమ్మ కాడికే పోయినయ్. గిట్ల జేస్తే పాపమెందుకైతది?" అని నాకే చెప్పింది, నేనేదో అడ్డం చెప్పినట్టు!

అందుకే నేననేది ఇదే. నెలకి ఒక్క ఆదివారం, మీ ఊళ్ళో ఏ చెరువుంటే ఆ చెరువు ఒడ్డుకి డబ్బాలు లేకుండా వెళ్ళండి. ఇంట్లోవాళ్ళు బజ్జీలు తింటారు, ఏమీ కాదు. మీరు గంటసేపు ఊరికే కూర్చోండి. నీళ్ళు ఎలా ఉన్నాయో, ఏం తేలుతోందో, ఏ పిట్ట వచ్చిందో చూడండి. ఆ గంట మీది. ఆ తర్వాత చెరువు కూడా మీదే అవుతుంది.

మా అత్తమ్మ ఇప్పుడు ప్రతి ఆదివారం ముందే తయారై గుమ్మంలో నిలబడుతోంది. చేతిలో కవరు మాత్రం లేదు.