గుర్రానికి పిచ్చెక్కలేదు

మా టీములో ఒక కుర్రాడి పెళ్ళికెళ్ళి గుర్రం చేత తన్నించుకుని మూడు నెలలైంది. తొడ మీద నల్లగా కమిలిన మచ్చ పోయింది. పరామర్శలు మాత్రం పోలేదు. ఆఫీసులో కనపడ్డవాడల్లా "గుర్రం తన్నిందట కదా" అని మొదలెట్టడం, "ఈ పెళ్ళి గుర్రాలకి ఒక్కోసారి పిచ్చెక్కుతుంది బాసూ, దూరంగా ఉండాలి" అని ఓ సలహా పారేసి కాఫీ మెషీను దగ్గరికి వెళ్ళిపోవడం. ఒక్కొక్కడికీ విడివిడిగా సమాధానం చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నా. గుర్రానికి పిచ్చెక్కలేదు. ఎక్కింది మనకి.

ముందు జరిగింది చెప్తాను. హైదరాబాదు శివార్లలో ఓ ఫంక్షన్ హాలు. రాత్రి తొమ్మిదింటికి బారాత్ మొదలైంది. ముందు డీజే బండి, దాని మీద నా ఎత్తున స్పీకర్లు. దాని వెనకే తెల్ల గుర్రం. గుర్రం మీద షేర్వాణీలో మావాడు, వాడి ముందు ఆరేళ్ళ తోడు పెళ్ళికొడుకు. పగ్గం పట్టుకున్న కుర్రాడికి పద్దెనిమిదేళ్ళు నిండాయో లేదో. గంటన్నరలో మేం కదిలింది రెండొందల గజాలు. ఇంతలో ఎవరో రీల్స్ కోసమని రోడ్డుకి రెండు పక్కలా నిప్పురవ్వల యంత్రాలు వెలిగించారు. నేను ఘనుణ్ణి కదా, మంచి యాంగిల్ కావాలని గుర్రం వెనక్కి వెళ్ళి, ఫోనెత్తి ఫ్లాష్ కొట్టా. సరిగ్గా అప్పుడే ఎవడో రంగు కాయితాలు ఎగజిమ్మే గొట్టాన్ని ఢామ్మని పేల్చాడు.

తర్వాతదంతా మూడు నాలుగు సెకన్లు. గుర్రం వెనక కాలు నా తొడకి తగిలింది. ముందు కాళ్ళు పైకి లేచాయి. పిల్లాణ్ణి వాళ్ళ బాబాయి గాల్లోనే అందుకున్నాడు, వాడికేం కాలేదు. పెళ్ళికొడుకు జారిపోయాడు గానీ పాదం రికాబులో ఇరుక్కుంది. రెండు మూడు అడుగులు ఈడ్చుకుపోయింది. ఆ పగ్గం కుర్రాడే గుర్రం తల మీద పడినంత పని చేసి ఆపాడు. ఆపకపోతే ఆ రాత్రి పెళ్ళి జరిగేది కాదు.

మనవాళ్ళేం చేశారో తెలుసా? ఆ కుర్రాడి చెంపలు వాయించారు. "పిచ్చి గుర్రాన్ని తెస్తావురా" అని. మాట్లాడుకున్న డబ్బులో సగం కోసేశారు. నేను కుర్చీలో కూర్చుని తొడ మీద ఐసు పెట్టుకుని చూస్తూ ఉండిపోయా. వెనక నుంచి ఫ్లాష్ కొట్టింది నేనేనని ఒక్క మాట అన్లేదు. నొప్పిగా ఉందని నాకు నేనే సర్ది చెప్పుకున్నా. ఎముక విరగలేదని అప్పటికే తెలుసు.

మన వృత్తిలో సర్వర్ పడిపోతే ఏం చేస్తాం? రూట్ కాజ్ ఏంటని పదిమందిని కూర్చోబెట్టి ప్రాణం తీస్తాం. "సర్వర్‌కి పిచ్చెక్కింది" అని రాసిస్తే మేనేజరు ఊరుకుంటాడా? మరి అరటన్నుకి కాస్త తక్కువ బరువుండే జంతువు విషయంలో ఆ ఒక్క లైనుతో ఫైలు మూసేస్తామేం?

నేను మూసెయ్యలేకపోయా. సిగ్గుతో కొంత, భయంతో కొంత, ఊరి బయట ఉన్న ఓ గుర్రపుస్వారీ బడికి ఆదివారాలు వెళ్ళడం మొదలెట్టా. మొదటిరోజు ఉస్తాద్ నన్ను గుర్రం ఎక్కనివ్వలేదు. ఓ స్టూలు వేసి, "గంటసేపు చెవులు చూడు బేటా, చాలు" అన్నాడు. ఇదేం ఫీజురా బాబూ అనుకున్నా. కానీ ఆ గంటలో తెలిసినంత నాకు అంతకుముందెప్పుడూ తెలీలేదు.

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకి బలయ్యే జంతువు. దీని పూర్వీకులు ఐదున్నర కోట్ల ఏళ్ళ కిందటే భూమ్మీద ఉన్నాయి. మనం మచ్చిక చేసి నాలుగైదు వేల ఏళ్ళు, అంతే. ముందు పరిగెత్తి, తర్వాత ఆలోచించిన గుర్రాలే బతికి పిల్లల్ని కన్నాయి. ఆగి "అది పులా, ప్లాస్టిక్ సంచా" అని విచారించిన గుర్రాలు పులి కడుపులోకి పోయాయి. ఉలిక్కిపడి పారిపోవడం దాని డిజైన్. పారిపోవడానికి దారి లేనప్పుడు తన్నడం, కరవడం, ముందు కాళ్ళెత్తడం కూడా డిజైనే. మనం చేసేదేమిటి? ముందు డీజే బండి, పక్కల జనం, వెనక జనం. అన్ని దారులూ మూసేసి, అప్పుడు పేలుస్తాం.

దాని కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి. దాదాపు 350 డిగ్రీలు కనపడుతుంది. కనపడనివి రెండే చోట్లు: నుదురుకి ఎదురుగా కాస్త, తోక వెనక కాస్త. ఇంత విశాలమైన లోకంలో నేను ఏరికోరి నిలబడ్డది ఆ రెండో చోట. పైగా వెలుగు నుంచి చీకటికి దాని కన్ను సర్దుకోవడానికి మనకంటే చాలా ఎక్కువసేపు పడుతుంది. ఫ్లాష్, లేజర్ లైట్లు, నిప్పురవ్వలు, మళ్ళీ చీకటి. పాపం దానికి ఏం కనపడుతోందో మీరే ఊహించుకోండి.

చెవుల సంగతి. మనకి వినపడేది 20 కిలోహెర్ట్జ్ దాకా, గుర్రానికి 33 దాకా. రెండు చెవులూ వేర్వేరుగా, ముందు నుంచి వెనక దాకా తిరుగుతాయి. చెవి ఎటుంటే గమనం అటు. రెండూ వెనక్కి వంగి మెడకి అతుక్కుపోతే కోపం, "ఇంకో అడుగు వేస్తే చూసుకో" అని. తల పైకెత్తి, ముక్కుపుటాలు ఉబ్బి, కంట్లో తెల్లగుడ్డు కనపడితే భయం. ఊరికే తోక విదిల్చడం, కాలు నేలకేసి కొట్టడం, నోట్లో ఇనప కడ్డీని కసకసా నమలడం కూడా చెప్పుకోవడమే. ఆ రాత్రి వీడియో ఇప్పుడు మళ్ళీ చూశా. తన్నడానికి ముందు పావుగంట పాటు ఆ గుర్రం ఇవన్నీ చేసింది. ముందుగా హెచ్చరించలేదని దాన్ని అనడానికి లేదు. అలర్టులన్నీ వచ్చాయి, చూసే నాథుడే లేడు.

మనం దాన్ని చదవలేం గానీ అది మనల్ని చదివేస్తుంది. జర్మనీలో హాన్స్ అని ఓ గుర్రం ఉండేది. లెక్కలు అడిగితే డెక్కతో కొట్టి జవాబు చెప్పేది. 1904లో దాన్ని పరీక్షించడానికి ఓ కమిటీయే వేశారు, మోసం ఏమీ దొరకలేదు. తర్వాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన పట్టుకున్నాడు. దానికి లెక్కలు రావు. సరైన అంకె రాగానే అడిగినవాడి తల అతనికే తెలియకుండా ఇసుమంత కదిలేది, అది చూసి ఆపేసేది. 1907లో ఆయన దీని మీద రాసింది ఇప్పటికీ సైకాలజీ వాళ్ళకి పాఠం. అంత చిన్న కదలికని పట్టుకునే జంతువు చుట్టూ మనం నాగిని డాన్సు వేస్తున్నాం!

అది నేర్చుకునే పద్ధతి కూడా చూడండి. పగ్గం లాగితే నొప్పి, ఆగగానే వదిలితే హాయి. ఆ వదలడంతోనే అది నేర్చుకుంటుంది. బారాత్‌లో పగ్గం గంటల తరబడి బిగిసే ఉంటుంది. ఆగినా లాగుడే, నడిచినా లాగుడే. ఏం చేసినా శిక్ష ఆగకపోతే మీరైనా ఏం చేస్తారు? కొన్ని గుర్రాలు తిరగబడతాయి. కొన్ని రాయిలా నిలబడిపోతాయి. "ఎంత బుద్ధిమంతురాలో" అని మనం సెల్ఫీ తీసుకుంటాం.

సరే, గుర్రం దగ్గరికి వెళ్ళాల్సే వస్తే ఏం చెయ్యాలో ఉస్తాద్ నేర్పినంతలో చెప్తా. పెళ్ళికే కాదు, హిల్ స్టేషన్‌కి వెళ్ళినప్పుడూ పనికొస్తుంది.

ఎదురుగానో వెనక నుంచో వెళ్ళకండి. మాట్లాడుతూ, పక్కనుంచి, భుజం వైపు నడవండి. ముందు మెడో భుజమో నిమరండి, మొహం మీదకి చెయ్యి పెట్టకండి. వెనక నుంచి దాటాల్సొస్తే రెండే పద్ధతులు. కాలు అందనంత దూరం నుంచి తిరిగి వెళ్ళాలి, లేదా పిర్ర మీద చెయ్యి వేసి మాట్లాడుతూ ఒంటికి ఆనుకున్నట్టుగా దాటాలి. అంత దగ్గరైతే కాలు విసరడానికి ఊపు దొరకదు. మధ్య దూరమే ప్రాణాంతకం. నేను నిలబడ్డది అక్కడే. తాడు చేతికి చుట్టుకోవద్దు, మడతపెట్టి పట్టుకోండి. చుట్టుకుంటే అది పరిగెత్తినప్పుడు వేళ్ళు తాడుతో పోతాయి. తినిపిస్తే అరచెయ్యి చాపి దాని మీద పెట్టండి. ఎక్కేవాడికి మడమ ఉన్న బూటు ఉండాలి, పాదం రికాబులోంచి ముందుకి దూరిపోకుండా. తలకి హెల్మెట్ ఉండాలి. మన పెళ్ళికొడుక్కి ఉన్నవి నున్నటి జోళ్ళు, తలపాగా. పైగా ఒళ్ళో చిన్నపిల్లాడు! గుర్రం బెదిరితే కేకలు పెట్టకండి, చుట్టుముట్టకండి. దారి వదలండి, తెలిసిన ఒక్కడికే పగ్గం వదిలెయ్యండి.

ఇంతా చెప్పాక మా లంచ్ బ్యాచ్ లేవదీసిన వాదనలు వినండి.

"పోలీసు గుర్రాలు జనంలో నిలబడట్లేదా?" నిలబడతాయి. గోషామహల్‌లో మన పోలీసు గుర్రపుదళం ఉంది. శబ్దాన్నీ జనాన్నీ వాటికి కొంచెం కొంచెంగా అలవాటు చేస్తారు, పైన కూర్చునేది శిక్షణ పొందినవాడు. ఇదే హైదరాబాదులోని పోలీసు అకాడమీలో ఐపీఎస్‌కి ఎంపికైనవాళ్ళకి కూడా గుర్రపుస్వారీ శిక్షణలో భాగం. మనవాడు అదే రోజు సాయంత్రం మొదటిసారి గుర్రాన్ని దగ్గర్నుంచి చూశాడు.

"సంప్రదాయం కదా!" ఏ సంప్రదాయం? మన చరిత్రలో గుర్రం విలువ తెలిసిన రాజులున్నారు. సాళువ నరసింహరాయలు హొర్ముజ్ నుంచి, ఏడెన్ నుంచి గుర్రాలు తెప్పించుకునేవాడనీ, సముద్రంలో చచ్చిపోయినదానికి కూడా తోక తెచ్చి చూపిస్తే డబ్బిచ్చేవాడనీ పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాశాడు. అదీ సంప్రదాయం. డీజే బండి ఏ శాస్త్రంలో ఉందో కాస్త చెప్పండి.

"దళిత వరుడు గుర్రమెక్కితే రాళ్ళేసే ఊళ్ళున్నాయి, అక్కడ ఎక్కడమే పోరాటం." నిజమే. ఆ పోరాటానికి నేను అడ్డు రాను, రాళ్ళేసేవాళ్ళనే జైల్లో పెట్టాలి. మేం చేసింది ఆ పోరాటం కాదు. మేం చేసింది రీలు.

"చట్టాలున్నాయిగా!" ఉన్నాయి. 1960లో చేసిన జంతుహింస నిరోధక చట్టంలో మొదటిసారి తప్పుకి జరిమానా పది నుంచి యాభై రూపాయలని రాశారు. ముళ్ళ కళ్ళేలు వాడకూడదని 1965 నియమాలు చెప్తున్నాయి. రాత్రి తొమ్మిదింటికి రోడ్డు మీద గుర్రం నోరు తెరిచి చూసేదెవడు? 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనీ టపాసులనీ హైదరాబాదు పోలీసులు నిషేధించారు, మనుషులే తట్టుకోలేకపోతున్నారని. మనకంటే పదునైన చెవులున్న దాని గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

"మరి వాళ్ళ పొట్టకూడు?" ఇదొక్కటే నిజమైన ప్రశ్న. దీనికి జవాబు వెతుక్కుంటూనే ఆ గుర్రపుశాల ఎక్కడుందో కనుక్కుని వెళ్ళా. కోసేసిన సగం డబ్బు ఆ కుర్రాడి చేతిలో పెట్టి, ఫ్లాష్ కొట్టింది నేనేనని చెప్పా. "తెల్సు సార్, చూసిన" అన్నాడు. మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడిగా. "చెప్తే ఇంకో రెండు పడ్తుండె" అన్నాడు. గుర్రం ఎలా ఉందని అడిగితే, మర్నాడు సాయంత్రమే వేరే బారాత్‌కి తీసుకెళ్ళామన్నాడు. అదే గుర్రం. వద్దంటే ఆ వారం దాణా రాదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు కదా, బెదిరినదానికీ తప్పదు.

డీజే వద్దనే హక్కు ఆ కుర్రాడికి లేదు. ఆ హక్కు డబ్బిచ్చేవాడిదే, అంటే మనదే. బారాత్ ప్యాకేజీలో గుర్రానికి ఇంతని చిన్న లైను రాసి, డీజేకి దానికి ఎన్నో రెట్లు పోసే మనది. కాబట్టి నేను అడిగేది ఒక్కటే. డీజే ఉంటే గుర్రం వద్దు, గుర్రం ఉంటే డీజే వద్దు. గుర్రం ఉంటే సన్నాయి, పావుగంట నడక, పేలుళ్ళు సున్నా, పిల్లలు నేల మీద, పగ్గం దగ్గర ఇద్దరు పెద్దవాళ్ళు. డబ్బు మాత్రం మూడు గంటలకి ఇచ్చేదే ఆ పావుగంటకీ ఇవ్వండి. పొట్టకూడు గురించి నిజంగా బాధ ఉంటే అది చూపించే పద్ధతి ఇదే.

ఆ రాత్రి సంగతి మా పెళ్ళికొడుకుతో కూడా చెప్పేశా. ఓ నిమిషం మాట్లాడలేదు. తర్వాత ఆ కుర్రాడి నంబరు అడిగి తీసుకున్నాడు. చెంపదెబ్బలు కొట్టిన పెద్దాయనకి మాత్రం ఇంకా గుర్రానిదే తప్పట.

మా అమ్మ సంబంధాలు చూస్తోంది. ముందే చెప్పేశా, నేను పెళ్ళి మంటపానికి నడిచే వస్తానని. "కాలు ఇంకా నొప్పిగా ఉందేంట్రా" అంది అమాయకంగా :-)