జీల్ దారి మగపిల్లలకేనా?



బక్రీద్ మూడో రోజు టెక్కలిలో మా ఆపా ఇంట్లో ఖానదాన్ అంతా కూర్చున్నాం. దస్తర్‌ఖాన్ ఎత్తేశాక మా భాంజీ ఒక కాగితం తెచ్చి అందరి ముందూ పరిచింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. కాగితం మీద తను చేత్తో గీసిన మ్యాప్. కశ్మీర్‌లో సోన్‌మర్గ్ దగ్గర మొదలై నారానాగ్‌లో ముగిసే కాలిదారి. మధ్యలో నీలం ఇంకుతో చుక్కలు. విషన్‌సర్, కిషన్‌సర్, గడ్‌సర్, సత్‌సర్, గంగాబల్. 'సర్' అంటే కశ్మీరీలో సరస్సు. ఏడెనిమిది రోజుల నడక. ముగ్గురు స్నేహితురాళ్ళతో కలిసి, గైడ్ ఉన్న జట్టులో వెళ్తానని ఇజాజత్ అడిగింది.

పది నిమిషాల్లో ఫైసలా అయిపోయింది. చిచ్చా హయా అన్నారు. ఫుప్పూ "లోగాఁ క్యా బోల్తే?" అంది. ఇంకొకరు ఖర్చు అన్నారు. చివరికి అందరూ కలిసి మహ్రం అనే మాట దగ్గర తాళం వేశారు. ఆ గోడకే ఒక ఫోటో వేలాడుతోంది. పోయినేడు దోస్తులతో బైకు మీద లద్దాఖ్ వెళ్ళి, పాంగాంగ్ సరస్సు ముందు నిలబడి ఆ పిల్ల అన్న తీయించుకున్న ఫోటో. వాడు వెళ్ళినప్పుడు ఏ మజ్లిసూ కూర్చోలేదు. వాడు ఇజాజత్ అడగలేదు, ఖబర్ చెప్పాడంతే.

ఆ రోజు ఒక్క మనిషే ఆ పిల్ల పక్షాన మాట్లాడారు. మా దుల్హాభాయ్. ఉద్దానంలో పుట్టి పెరిగిన మనిషి, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్ళొస్తున్నారు. మంచం మీద నుంచే "జాన్ దేవ్" అన్నారు. కన్నతండ్రి మాట గాలికి పోయింది.

ఆ ఫైసలాకు ఇది నా జవాబు. అక్కడే ఇవ్వాల్సింది, ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో చివర చెప్తాను.

ముందు హయా సంగతి. ఆ జీల్‌లు ఎక్కడున్నాయో, అక్కడ ఎవరు తిరుగుతారో చూడండి. విషన్‌సర్ సముద్రమట్టానికి సుమారు 3,700 మీటర్ల ఎత్తులో ఉంది. మన మందస మీదుగా కనిపించే మహేంద్రగిరి 1,501 మీటర్లు. దానికి రెండింతలకు పైనే. ఆ దారిలో గడ్‌సర్ కనుమ దాదాపు 4,200 మీటర్లు. ఒకప్పుడు అక్కడ హిమానీనదాలు కదిలి రాతిని గిన్నెల్లా తొలిచేశాయి. మంచు వెనక్కి తగ్గాక ఆ గిన్నెల్లో కరిగిన నీరు నిలిచింది. హరముఖ్ శిఖరం కింద గంగాబల్ అలా నిండిందే. ఆ నీళ్ళు సింధ్ నాలాలో పడి జీలంలో కలుస్తాయి.

ఏటా ఎండాకాలం ఆ పచ్చికలకు గుజ్జర్, బకర్వాల్ కుటుంబాలు గొర్రెలనూ మేకలనూ గుర్రాలనూ తోలుకుని ఎక్కుతాయి. వాళ్ళు ముసల్మానులు. వాళ్ళ ఆడవాళ్ళు చంటిపిల్లలను మోసుకుంటూ ఆ కనుమలు దాటుతారు. నెత్తిన దుపట్టా ఉంటుంది, నోట కలిమా ఉంటుంది. వాళ్ళ హయా ఏ కనుమ దగ్గరా జారిపడిపోలేదు. మన హయా మాత్రం టెక్కలి బస్టాండు దాటితే పగిలిపోయే గాజు సీసానా?

ఇక దీన్ సంగతి. జనాబ్, హజ్‌కు వెళ్ళిన ప్రతి మగాడూ, ఎంత పెద్ద ఆలిమ్ అయినా, సఫా మర్వాల మధ్య ఏడుసార్లు నడుస్తాడు. ఎవరి అడుగుల్లో అడుగులేస్తున్నాడు? బీబీ హాజరా అడుగుల్లో. రెండు గుట్టల మధ్య నీళ్ళు వెతుక్కుంటూ ఒక తల్లి పెట్టిన పరుగు అది. తోడు పాలుతాగే బిడ్డ తప్ప ఎవరూ లేరు. ఆ పరుగును అల్లాహ్ కియామత్ దాకా ఇబాదత్ చేశాడు. గుట్టలెక్కి నీళ్ళ దగ్గరికి నడిచిన ఆడమనిషి మన దీన్‌లో ఇంత ఎత్తున ఉంటే, మన డ్రాయింగ్ రూముల్లో ఆమెకు జాగా ఎందుకు లేదు?

భూమ్మీద తిరిగి చూడమని ఖురాన్ ఒక్కచోట కాదు, చాలాచోట్ల చెప్తుంది. ముసాఫిర్‌కు నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుకు కుదించింది మన షరీఅత్. నీళ్ళు దొరకకపోతే తయమ్ముమ్ ఇచ్చింది. ఈ రిఆయతులు మగవాళ్ళకు మాత్రమే రాలేదు. సఫర్ చెయ్యకూడని మనిషికి సఫర్ నమాజు ఎందుకు నేర్పించినట్టు?

మహ్రం గురించి ఉలమా చెప్పిన మాట నాకు తెలుసు. దానిమీద ఇఖ్తిలాఫ్ ఉందనీ తెలుసు. ఆ బహస్ ఇక్కడ పెట్టను. మీరు చెప్పిందే ఒప్పుకుంటాను. దూర ప్రయాణానికి మహ్రం కావాలి. సరే, అది ఎవరి మీద పడే జిమ్మేదారీ? మగవాళ్ళ మీద. తోడు వెళ్ళాల్సిన వాళ్ళం మనం వెళ్ళకుండా, తోడు లేదు కాబట్టి నువ్వు ఆగిపో అంటున్నాం. గొడుగు తన దగ్గర దాచుకుని, వానలో బయటికి రాకు అని చెప్పడం లాంటిది ఇది.

ఖర్చు. ఫీజు, రైలు, బూట్లు, జాకెట్టు అన్నీ కలిపి ముప్పై నలభై వేలని ఆ పిల్లే లెక్క రాసింది. పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పి సగం దాచింది కూడా. పోయిన నిఖాలో మనం వలీమాకు రెండో రకం మీఠా పెట్టడానికి ఇంతకంటే ఎక్కువే తగలేశాం. సగం ప్లేట్లలోనే మిగిలింది. అప్పుడు ఫిజూల్‌ఖర్చీ అన్న మాట ఏ పెద్దమనిషి నోటా రాలేదు.

"ఆడపిల్ల శరీరం తట్టుకోదు" అన్నారొకరు. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల తండా పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు, వయసు 13. పక్కన ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్. ఇద్దరూ పేదింటి పిల్లలే. వాళ్ళకు దొరికింది శిక్షణ, "వెళ్ళు" అన్న పెద్దవాళ్ళు. మన పిల్లలకు తక్కువైంది ఆ రెండే.

ఒక్క భయాన్ని మాత్రం నేను తోసెయ్యను. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్ దగ్గర బైసరన్‌లో 26 మందిని కాల్చి చంపారు. అందులో ఒక కశ్మీరీ ముస్లిం గుర్రపువాడూ ఉన్నాడు. ఏ తండ్రికైనా గుండె జారుతుంది. ఎత్తైన చోట ఊపిరి అందకపోవడం, తలనొప్పి, ఒక్కోసారి ప్రాణం మీదికి రావడం కూడా నిజమే. కానీ తూటాకూ పలచటి గాలికీ మగా ఆడా తేడా తెలీదు. భయమే కారణమైతే కొడుకునూ ఆపండి. లేదా దారి మార్చండి. హిమాచల్‌లో మనాలి దగ్గర భృగు సరస్సు ఉంది, స్పితి వైపు చంద్రతాల్ ఉంది. అవీ నాలుగు వేల మీటర్లు దాటినవే. డాక్టరుకు చూపించండి, మెల్లగా ఎక్కే జట్టును ఎంచుకోండి. అది ఫిక్ర్ అవుతుంది. కూతురికి మాత్రమే వాడే భయాన్ని ఫిక్ర్ అనరు.

ఆ నీళ్ళే ఎందుకు చూడాలి అని మా ఫుప్పూ అడిగింది. "ఉద్దానం పిల్లను ఆ మాట అడగొద్దు" అని నాకు అప్పుడే అనాలనిపించింది. మన దగ్గర నీళ్ళ గ్లాసును అనుమానంగా చూస్తూ ఒక తరం పెరిగింది. కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్ళ పరిశోధన తర్వాత కూడా ఒక్క జవాబు తేలలేదు. బోరు నీళ్ళ మీద భరోసా పోయి, హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో నీళ్ళు తెప్పించుకునే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. తండ్రి గ్లాసులో నీళ్ళు కొలిచి పోసే పిల్ల, మంచు కరిగి నిండిన జీల్‌ను ఒక్కసారి కళ్ళారా చూడాలనుకుంది. అది అయ్యాషీనా?

ఇప్పుడు నా గుణా. 2010 జులైలో సోంపేట బీల కోసం, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపర కోసం జనం థర్మల్ ప్లాంట్లకు ఎదురు నిలిచారు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ ఉద్యమాల్లో ఆడవాళ్ళు ముందు వరసలో ఉన్నారని నేనే వార్తలు రాశాను. నీటిని కాపాడింది ఆడవాళ్ళని రాసిన ఆ చేతితో, పలాస నుంచి గంట దూరంలో ఉన్న ఆ బీలను నా బీవీకి ఒక్కసారి చూపించలేదు. టెక్కలి పక్కనే తేలినీలాపురంలో కొంగలూ గూడబాతులూ ఏటా వచ్చి గూళ్ళు కడతాయి. మా ఇంటి ఆడపిల్లలు వాటిని పేపర్లో నా బైలైన్ కిందే చూశారు.

ఆ రోజు మజ్లిసులో "మహ్రం ఎక్కడున్నాడు?" అని చిచ్చా అడిగినప్పుడు, భాంజీ నా వైపు చూసింది. అమ్మ తమ్ముణ్ణి, మామూను. షరీఅత్ ప్రకారం నిఖాలసైన మహ్రంని. మూడడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను. మోకాళ్ళ నొప్పి, సెలవులు, పెద్దవాళ్ళ ముందు మాట అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. తలదించుకుని చాయ్ తాగాను. ఆ పిల్ల కాగితం మడిచి లోపలికి వెళ్ళిపోయింది.

కాబట్టి ఇది రాసి ఊరుకోను. ఆపాకు ఫోన్ చేసి చెప్పాను. వచ్చే ఏడు వానాకాలం చివర, పిల్ల పరీక్షలయ్యాక, నేను తోడు వెళ్తాను. ఆ లోపు మహేంద్రగిరి ఎక్కాలి. ఈ వారం నుంచి ఫజర్ తర్వాత ఇద్దరం నడుస్తున్నాం. మొదటి రోజు నేనే వెనకబడ్డాను. "మామూ, ఆగనా?" అని అడిగింది.

మామూలూ, చిచ్చాలూ, భాయిజాన్‌లూ! మీ ఇంట్లోనూ ఒక మడిచిపెట్టిన కాగితం ఉంటుంది. మహ్రం ఎక్కడ అని అడగకండి. లేచి బూట్లు వేసుకోండి.