మెయింటెనెన్స్ కట్టకపోతే ఇల్లు పోతుందా?

టెక్సాస్‌లో ఫ్రిస్కో అని ఒక ఊరుంది, డాలస్ పక్కనే. మనవాళ్లు అక్కడ ఎంతమంది ఉంటారో నేను చెప్పక్కర్లేదు. మీ ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూప్‌లో ఒక్కరైనా అక్కడి నుంచి బతుకమ్మ ఫొటోలు పెట్టే ఉంటారు. 2008లో ఆ ఊళ్లో ఒక ఆర్మీ కెప్టెన్ ఇల్లు వేలంలో పోయింది. ఇంటి విలువ సుమారు 3 లక్షల డాలర్లు. దాని మీద బ్యాంకు లోన్ ఒక్క రూపాయి కూడా లేదు, సారీ, ఒక్క డాలర్ కూడా లేదు. మరి ఎందుకు పోయింది? కాలనీ హోమ్ ఓనర్స్ అసోసియేషన్‌కి కట్టాల్సిన ఫీజు సుమారు 800 డాలర్లు బాకీ పడింది కాబట్టి.

అప్పుడాయన ఇరాక్‌లో డ్యూటీలో ఉన్నాడు. ఇక్కడ భార్య డిప్రెషన్‌లో ఉంది, వచ్చిన ఉత్తరాలు విప్పే స్థితిలో కూడా లేదు. నోటీసులు వచ్చాయి, కవర్లలోనే ఉండిపోయాయి. వేలంలో ఆ ఇల్లు 3,500 డాలర్లకి పాడేశారు. మళ్లీ చదవండి, 3 లక్షల డాలర్ల ఇల్లు 3,500కి. విధుల్లో ఉన్న సైనికుల ఆస్తికి అమెరికాలో ప్రత్యేక చట్టం ఉంది కాబట్టి వాళ్లు కోర్టుకెక్కగలిగారు. 2010లో రాజీ కుదిరి ఇల్లు వెనక్కి వచ్చింది. అదే ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే మనలాంటి వాడు ఉండి ఉంటే ఆ చట్టం పనికొచ్చేది కాదు.

అక్కడ సిస్టమ్ ఎలా ఉంటుందంటే, ఇల్లు కొన్న రోజే అసోసియేషన్ రూల్స్‌కి ఒప్పుకున్నట్టు. ఫీజు బాకీ పడితే అది మనిషి మీద కాదు, నేరుగా ఇంటి మీదే పడుతుంది. దాన్ని లియన్ అంటారు. ఎంతకీ కట్టకపోతే ఆ ఇంటిని వేలానికి పెట్టొచ్చు. టెక్సాస్‌లో ఈ వేలాలకి నెలలో మొదటి మంగళవారం అని ఒక ముహూర్తం కూడా ఉంది. ఫ్రిస్కో కేసు మీద గొడవయ్యాక అక్కడి శాసనసభ కదిలింది. 2012 నుంచి అసోసియేషన్ ఇల్లు వేలం వేయాలంటే ముందు కోర్టు ఆర్డర్ తెచ్చుకోవాలి. కేవలం ఫైన్ల కోసం ఇల్లు అమ్మకూడదు. అమ్మేశాక కూడా బాకీ, ఖర్చులు కట్టేసి ఇల్లు వెనక్కి తీసుకోడానికి ఓనర్‌కి 180 రోజుల టైమ్ ఉంటుంది. కాలిఫోర్నియాలో అయితే బాకీ 1,800 డాలర్లు దాటాలి, లేదా 12 నెలల పాతదవ్వాలి. అప్పటిదాకా ఇంటి జోలికి వెళ్లకూడదు.

కొలరాడో కథ మనకి ఇంకాస్త దగ్గర. డెన్వర్ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లే దారిలో గ్రీన్ వ్యాలీ రాంచ్ అనే పెద్ద కాలనీ ఉంది. అక్కడ చిన్న చిన్న రూల్ ఉల్లంఘనలకి వేసిన ఫైన్లు పేరుకుపోయి, ఇళ్ల మీద ఫోర్‌క్లోజర్ కేసులు వరసగా పడ్డాయి. దాంతో 2022లో ఆ రాష్ట్రం కూడా చట్టం మార్చి, ఫైన్ల పేరుతో ఇల్లు లాక్కోవడం ఆపేసింది.

ఎయిర్‌పోర్ట్ పక్కన ఇల్లు అంటే మనకీ ఒక ఊరుంది కదా. ఫ్రిస్కోలో ఆ ఇల్లు పోయిన 2008లోనే, మార్చిలో, శంషాబాద్ నుంచి విమానాలు ఎగరడం మొదలైంది. ఆ తర్వాత ఏం జరిగిందో బెంగళూరు హైవే మీద వెళ్లిన ఎవరికైనా తెలుసు. సాతంరాయి, తొండుపల్లి, ఇటు తుక్కుగూడ, ఆదిభట్ల దాకా, ఎటు చూసినా ప్లాట్లు, విల్లాలు, గేటెడ్ కమ్యూనిటీ బోర్డులు. 'ఎయిర్‌పోర్ట్‌కి పది నిమిషాలు' అని రాయని బ్రోషర్ నేనైతే చూడలేదు. (ఆ పది నిమిషాలు తెల్లవారుజామున మూడింటికి మాత్రమే నిజం.)

ఇలా కొన్నవాళ్లలో చాలామంది ఇక్కడ ఉండరు. కొందరు గచ్చిబౌలిలో, కొందరు న్యూజెర్సీలో, కొందరు పైన చెప్పిన ఫ్రిస్కోలోనే. ఫ్లాట్‌లో అద్దెకుండేది ఎయిర్‌పోర్ట్‌లో షిఫ్టులు చేసే పిల్లలు. మెయింటెనెన్స్ అడిగితే ఓనర్ 'టెనెంట్ కడతాడు కదా' అంటాడు. టెనెంట్ 'అద్దెలోనే కలిపి ఇస్తున్నా కదా అన్నా' అంటాడు. అసోసియేషన్ సెక్రటరీ మాత్రం రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఇద్దరికీ దండాలు పెడుతూ ఉంటాడు.

మా అపార్ట్‌మెంట్‌లో ఆ లెక్కల షీట్ నా దగ్గరే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వాడిని, ఎక్సెల్ వస్తుందని అంటగట్టారు. ఎక్సెల్ కంటే ఎక్కువ నేర్చుకున్నది మనుషులు డబ్బు ఎందుకు కట్టరో. ఒక అంకుల్‌ది ఎప్పుడూ ఒకటే మాట: "నేను గ్రౌండ్ ఫ్లోర్ల ఉంటా, లిఫ్ట్ ఎక్కనే ఎక్క. లిఫ్ట్‌కి నేనెందుకు కట్టాలె బాబూ?" ఇంకో అంకుల్: "నా బాత్రూమ్ సీలింగ్ కారుతాంది. ముందు అది తేల్చురి, తర్వాత మెయింటెనెన్స్ మాట్లాడుదాం." విదేశంలో ఉండే ఒక అన్న: "మేం అక్కడ ఉండట్లేదు కదా తమ్ముడూ, నీళ్లు కూడా వాడట్లేదు." వింటే ముగ్గురిదీ న్యాయంగానే అనిపిస్తుంది. కానీ వాచ్‌మన్ జీతం ఒకటో తారీఖున ఇవ్వాలి. అతనికి ఈ మూడు కథలూ చెప్పలేం.

లెక్క వేద్దాం, ఊరికే ఉదాహరణకి. 60 ఫ్లాట్లు, నెలకి 3,000 చొప్పున అనుకుంటే రావాల్సింది 1,80,000. పన్నెండు మంది కట్టలేదు, 36,000 తగ్గింది. జీతాలు తగ్గవు, లిఫ్ట్ సర్వీసింగ్ వాడు తగ్గించడు, జనరేటర్ డీజిల్ తగ్గదు, ఎండాకాలంలో ట్యాంకర్ అసలు తగ్గదు. కట్టిన 48 మంది మీదే ఒక్కొక్కరికి 750 అదనంగా పడుతుంది. లేదా ఏదో ఒకటి ఆగుతుంది. మామూలుగా ముందు ఆగేది రిపేర్లు. మోకాళ్ల నొప్పులున్న నాలుగో అంతస్తు అమ్మమ్మ గుడికి వెళ్లడం మానేస్తుంది. ఎందుకు మానేసిందో డబ్బు కట్టని వాళ్లకి ఎప్పటికీ తెలియదు.

మరి మన చట్టం ఏమంటుంది? 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఇప్పటికీ తెలంగాణలో ఉంది. మీరు ఫ్లాట్ కొంటే దాంతోపాటు మెట్లు, లిఫ్ట్, టెర్రస్ లాంటి ఉమ్మడి వాటిలో విడదీయలేని వాటా కూడా కొన్నట్టే. గ్రౌండ్ ఫ్లోర్ అంకుల్‌కి లిఫ్ట్‌లో వాటా ఉంది, ఆయన ఎక్కినా ఎక్కకపోయినా. ఫ్లాట్ అమ్మేటప్పుడు ఆయన కూడా 'లిఫ్ట్ ఉంది' అని చెప్పే అమ్ముతాడు. 2016 నాటి రెరా చట్టం సెక్షన్ 19(6) ఇంకా సూటిగా ఉంటుంది: మెయింటెనెన్స్ ఛార్జీలు టైమ్‌కి కట్టడం కొనుక్కున్నవాడి బాధ్యత. అదే చట్టం బిల్డర్ మెడకీ తాడు వేసింది. అసోసియేషన్ చేతికి వెళ్లేదాకా, సబబైన ఛార్జీలకి, సర్వీసులు నడపాల్సింది బిల్డరే. ఫ్లాట్ చేతికిచ్చిన ఐదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో లోపం బయటపడితే పైసా తీసుకోకుండా బాగుచేయాల్సిందీ బిల్డరే. బాత్రూమ్ కారే అంకుల్ యుద్ధం చేయాల్సింది అక్కడ, వాచ్‌మన్ జీతం మీద కాదు. ఐదేళ్లు దాటాక పై ఫ్లోర్ వాళ్లతో కూర్చుని మాట్లాడుకోవాలి, వేరే దారి లేదు.

కట్టకపోతే ఇల్లు పోతుందా అంటే, ముంబైలో పోవచ్చు. అక్కడ హౌసింగ్ సొసైటీలు 1960 నాటి కోఆపరేటివ్ చట్టం కింద నడుస్తాయి. రిజిస్ట్రార్ దగ్గర రికవరీ సర్టిఫికెట్ తెచ్చుకుంటే, భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టే వసూలు చేయొచ్చు. అంటే ఫ్లాట్ జప్తు చేసి వేలం వేసేదాకా వెళ్లొచ్చు. బాకీ మీద వడ్డీ ఏడాదికి 21 శాతం దాటకూడదని హద్దు కూడా పెట్టారు.

మన దగ్గర ఆ స్పీడు లేదు. ఇక్కడ అసోసియేషన్లు కొన్ని 1995 నాటి మ్యాక్స్ చట్టం కింద, కొన్ని 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉంటాయి. కొన్ని రిజిస్టరే అవ్వవు, వాట్సాప్ గ్రూపే అసోసియేషన్. మ్యాక్స్ అయితే వివాదం కోఆపరేటివ్ ట్రిబ్యునల్‌కి, సొసైటీ అయితే ఆర్బిట్రేషన్‌కో జిల్లా కోర్టుకో. వాట్సాప్ గ్రూప్ అయితే ఎక్కడికీ వెళ్లదు, గ్రూప్‌లోనే తిరుగుతుంది. పైగా మామూలు డబ్బు బాకీ దావాకి గడువు 3 ఏళ్లు. 'పోనీలే, మనవాడే కదా' అని నాలుగేళ్లు ఊరుకున్న కమిటీ, మొదటి ఏడాది బాకీ మీద కేసు వేసే హక్కు పోగొట్టుకున్నా ఆశ్చర్యం లేదు.

చేతిలో సరైన ఆయుధం లేనివాడు రాయి తీసుకుంటాడు. నీళ్ల వాల్వ్ కట్టేయడం, లిఫ్ట్ కార్డ్ బ్లాక్ చేయడం, గేట్ యాప్‌లో డెలివరీ వాళ్లని ఆపేయడం, నోటీస్ బోర్డు మీద ఎర్ర ఇంకుతో ఫ్లాట్ నంబర్లు. ఇవన్నీ ఈ చుట్టుపక్కల కాలనీల్లో నేను చూసినవే. 2022లో ఒక అద్దె ఇంటి కేసులో సుప్రీంకోర్టు కరెంటు అనేది కనీస అవసరం, దాన్ని ఆపి మనిషిని ఇబ్బంది పెట్టకూడదు అంది. అది ఓనర్‌కీ అద్దెకుండేవాడికీ మధ్య గొడవే, కానీ నీళ్లు ఆపే కమిటీ కూడా ఆ మాట చదువుకోవడం మంచిది. పైగా వాల్వ్ కట్టేస్తే బాధపడేది ఎవరు? న్యూజెర్సీ అన్న కాదు. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున్నే వచ్చి స్నానం చేయాలనుకునే టెనెంట్ పిల్ల.

కట్టలేనివాడికీ కట్టనివాడికీ తేడా చూడడం మన గ్రూపులకి అసలు రాదు. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశంలో ప్రయాణికుల విమానాలు ఎగరలేదు. ఎయిర్‌పోర్ట్ మీద బతికే ఊరికి అదెలా ఉంటుందో ఊహించుకోండి. మా బ్లాక్‌లో గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో పనిచేసే ఒకాయనకి జీతం ఆగిపోయింది. ఈఎంఐ ఉంది, ఇద్దరు పిల్లలు. ఆరు నెలల మెయింటెనెన్స్ పేరుకుంది. గ్రూప్‌లో ఎవరో డిఫాల్టర్ల లిస్ట్ పెట్టారు, ఆయన పేరు రెండోది. మొదటి పేరు రెండు ఫ్లాట్లు, రెండు కార్లు ఉన్న ఇంకొకాయనది. ఆ లిస్ట్‌లో ఇద్దరూ ఒకటే. అప్పుడు కమిటీలో ఉన్న మా నాన్న ఆయన ఇంటికెళ్లి టీ తాగి వచ్చాడు. వడ్డీ లేకుండా నెలకి కొంచెం అని ఒక కాగితం మీద రాసుకున్నారు. ఆయన మొత్తం తీర్చేశాడు, ఏడాదిన్నర పట్టింది. రెండు కార్లాయన ఇంకా 'అకౌంట్స్ చూపించండి' అంటూనే ఉన్నాడు.

అయితే ఆయన అడిగేది తప్పు కాదు, అదీ చిక్కు. చాలా కమిటీలు లెక్కలు చూపించవు. ఏడాదికోసారి జనరల్ బాడీలో ఒక పేజీ చదివి, సమోసాలు పంచి లేచిపోతారు. నెలనెలా బిల్లుల ఫొటోలు గ్రూప్‌లో పెట్టడానికి ఖర్చు సున్నా. పెట్టడం మొదలుపెట్టాక మా దగ్గర కట్టని వాళ్లు తగ్గారు. అందరూ కాదు, కొందరు. లెక్కలు దాచుకునే కమిటీకి ఫ్రిస్కో లాంటి అధికారం ఇస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. నాకైతే భయం. అలాగని అడిగే దిక్కే లేకుండా వదిలేయడం కూడా నాకు నచ్చదు. టెక్సాస్ దెబ్బతిని నేర్చుకున్న పద్ధతిలో కొంత మనకీ ఉండాలి: ఇంత బాకీ దాటాకే, ఇన్ని నోటీసుల తర్వాతే, వాయిదాల ఛాన్స్ ఇచ్చాకే, కోర్టు చూసి ఒప్పుకున్నాకే. అది కూడా అసలు బాకీకి మాత్రమే, ఫైన్లకి కాదు.

మన దగ్గర ఫ్లాట్ నిజంగా వేలానికొచ్చేది ఇంకో దారిలో. హోమ్ లోన్ 90 రోజులు దాటి బాకీ పడితే ఖాతా ఎన్పీఏ అవుతుంది. తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, అప్పటికీ కట్టకపోతే ఫ్లాట్ స్వాధీనం చేసుకుని అమ్మొచ్చు. శంషాబాద్ వైపు కూడా ఇలాంటి వేలం ప్రకటనలు పేపర్లో వస్తుంటాయి. మార్కెట్ కంటే తక్కువ ధర చూసి మనలాంటి వాళ్లు ఎగబడతారు. ఆ ప్రకటన కింద చిన్న అక్షరాల్లో 'ఉన్నది ఉన్నట్టుగా' అని ఉంటుంది. బ్యాంకు ఈఎంఐ కట్టనివాడు మెయింటెనెన్స్ కట్టి ఉంటాడా? పాడేముందు ఒకసారి బండి వేసుకుని ఆ అపార్ట్‌మెంట్‌కి వెళ్లండి. సెక్రటరీని కలిసి, ఆ ఫ్లాట్ పేరు మీద ఎంత బాకీ ఉందో రాసివ్వమని అడగండి. మామూలు రీసేల్ అయినా అంతే. రిజిస్ట్రేషన్ కంటే ముందే నో డ్యూస్ కాగితం చేతిలో పడాలి, తర్వాత ఇస్తామంటే ఒప్పుకోకండి.