అంకె చూసి అన్నం మానిపించకండి

ఇంట్లో ఒకరికి కడుపులో కేన్సరని తేలితే ఇల్లాలికి కంటిమీద కునుకుండదు. ఎండోస్కోపీ, బయాప్సీ, సీటీ స్కాన్ అయ్యాక కొందరికి పెట్ స్కాన్ కూడా రాస్తారు. రిపోర్టు రాగానే అందరి కళ్లూ ఎస్.యు.వి. అనే ఒక్క అంకె మీదే పడతాయి. పెద్దదైతే ఏడుపులు, చిన్నదైతే దేవుడికి కొబ్బరికాయ! ఇంతకీ ఆ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలుసుకుందామా?

చాలా రకాల కేన్సరు కణాలకు గ్లూకోజు ఆకలి ఎక్కువ. జర్మనీ శాస్త్రవేత్త ఆటో వార్‌బర్గ్ 1920లలోనే ఈ సంగతి గమనించారు. పెట్ స్కాన్‌లో కిటుకు ఇదే. గ్లూకోజు లాంటి మందుకి కొద్దిపాటి రేడియో ధార్మికత జోడించి నరానికి ఎక్కిస్తారు. గంటసేపు కదలకుండా పడుకోబెట్టి ఫొటోలు తీస్తారు. ఎక్కడ ఎక్కువ పీల్చుకుంటే అక్కడ ఎక్కువ వెలుగు. ఆ వెలుగు కొలతే ఎస్.యు.వి.

వెలుగు బాగా ఎక్కువున్నవాళ్లలో జబ్బు జోరుగా ఉండటం, తిరగబెట్టడం ఎక్కువని చాలా పరిశీలనల్లో కనబడింది. అన్నీ ఒకే మాట చెప్పలేదు కూడా. పైగా అది ఎంతోమందిని కలిపి వేసిన లెక్క. మీ ఇంటాయనకి ఇన్ని నెలలని గీసిన గీత కాదు. రక్తంలో షుగరు ఎక్కువున్నా, మిషన్ మారినా అంకె మారుతుంది. ఉత్త గ్యాస్ట్రైటిస్ ఉన్నా కడుపు వెలగొచ్చు.

అలాగని చిన్న అంకె వచ్చిందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. సిగ్నెట్ రింగ్ అని ఒక రకం ఉంది. మైక్రోస్కోపులో ఆ కణాలు రాయి పొదిగిన ఉంగరంలా కనబడతాయట. ఇవి ఈ మందును అంతగా పీల్చుకోవు కాబట్టి వెలుగు తక్కువ. జబ్బు మాత్రం తక్కువది కాదు. పొట్ట లోపలి పొరమీద ఆవాలు చల్లినట్టుండే చిన్న గడ్డలు కూడా స్కాన్‌కి దొరక్కపోవచ్చు. అందుకే కొందరికి ఆపరేషన్‌కు ముందు లాపరోస్కోపీ చేసి చూస్తారు. "స్కాన్ బాగుందిగా, మళ్లీ ఇదెందుకు?" అని డాక్టరుతో వాదన పెట్టుకోకండి.

ఒక్కోసారి ఒక అంకె కంటే రెండు అంకెల మధ్య తేడాయే ఎక్కువ చెబుతుంది. అన్నవాహిక, కడుపు కలిసేచోట కేన్సరు ఉన్నవాళ్లకి జర్మనీలోని మ్యూనిక్ వైద్యులు కీమో మొదలుపెట్టిన రెండు వారాలకే మళ్లీ స్కాన్ తీశారు. వెలుగు 35 శాతం, అంతకుమించి తగ్గినవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువకాలం బతికారని 2007లో ప్రకటించారు. తగ్గనివాళ్లకి ఆ కీమో ఆపి త్వరగా ఆపరేషన్‌కు పంపారు. ఇది అందరికీ చేసే పద్ధతి కాదు గానీ, స్కాన్ దేనికి పనికొస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక మన వంటింటి సంగతి. "కేన్సరు చక్కెర తింటుందట, అన్నం, పళ్లు మానేస్తే అదే ఎండిపోతుంది" అని చెప్పేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మా వీధిలో ఒకావిడ ఇలాగే విని భర్తకు అరటిపండు కూడా మానిపించింది. మనం పెట్టకపోయినా కాలేయం గ్లూకోజు తయారుచేస్తూనే ఉంటుంది. ఎండిపోయేది జబ్బు కాదు, మనిషి! ఈ జబ్బులో అసలే ఆకలి ఉండదు. బరువు మరీ తగ్గితే కీమోకి, ఆపరేషన్‌కి తట్టుకోలేరు. మెత్తటి పెరుగన్నం, పప్పుకట్టు, గుడ్డు, జావ, ఏది సహిస్తే అది కొద్దికొద్దిగా ఆరేడుసార్లు పెట్టండి. షుగరు ఉన్నవాళ్లకి డాక్టరు చెప్పిన ప్రకారం పెట్టాలి.

స్కాన్ రోజున గుర్తుంచుకోండి:

* ముందు 4 నుంచి 6 గంటలు ఏమీ తినకూడదు. మామూలు మంచినీళ్లు తాగొచ్చు.
* మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ముందే చెప్పండి. దానివల్ల పేగులు వెలుగుతాయి. మీ అంతట మీరు ఆపకండి.
* శాలువా తీసుకెళ్లండి. చలికి ఒంట్లో కొన్నిచోట్ల కొవ్వు కూడా వెలుగుతుంది.
* ఇంజెక్షన్ అయ్యాక కబుర్లు, వక్కపొడి నమలడం వద్దు.
* ఆ పూటకి పసిపిల్లల్ని ఎత్తుకోవద్దు. గర్భిణులకు దూరంగా ఉండాలి.

రిపోర్టు తీసుకుని వెళ్లినప్పుడు డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగండి. బయాప్సీలో ఏ రకమని వచ్చింది? ఎన్నో దశ? ఈ స్కాన్ వల్ల వైద్యంలో ఏం మారుతుంది? జవాబులు ఒక కాగితం మీద రాసుకోండి. చుట్టాలు ఫోన్ చేసినప్పుడు అంకె కాదు, ఆ కాగితం చదివి చెప్పండి.