తొలి మంచు ఫొటోకు డార్జిలింగ్ చాలు

కెమెరా కొత్తగా పట్టినవాళ్లు అలాస్కా ఓడ ప్రయాణాల ప్రకటనలు చూసి, అప్పు చేసైనా వెళ్లాలనుకోవడం సరికాదు. ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా రైల్వే కొలువుల్లో ఉన్న మన తెలుగు కుటుంబాలకు మంచును ఫొటో తీసే చదువు తామున్న రాష్ట్రంలోనే దొరుకుతుంది. 1881లో మొదలై, 1999లో యునెస్కో గుర్తింపు పొందిన డార్జిలింగ్ చిన్న రైలు రెండడుగుల ఎడమున్న పట్టాల మీద మెల్లగా ఎక్కుతూ 2,258 మీటర్ల ఎత్తున ఉన్న ఘూమ్ స్టేషన్ చేరుతుంది. ఆ నిదానమే కొత్తవాళ్లకు వరం. ఒక దృశ్యం చేజారినా మలుపు తిరగగానే మరొకటి ఎదురవుతుంది.

అలాస్కాలోలాంటి హిమానీనదాలు అక్కడెక్కడివి అంటారు. నిజమే, సముద్రంలోకి విరిగిపడే మంచుగోడ డార్జిలింగ్‌లో లేదు. కానీ తెల్లని మంచు కెమెరాను తికమకపెట్టే తీరు ఎక్కడైనా ఒకటే. వానలు వెనకపట్టిన నవంబరులో కాంచనజంగ శిఖరం ఫ్రేము నిండా కనిపిస్తే, కెమెరా ఆ వెలుగును ఎక్కువనుకుని తగ్గించేస్తుంది. మంచు బూడిదరంగుకు దిగుతుంది. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచితే తెలుపు తిరిగొస్తుంది. చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది కనుక రెండోదాన్ని లోపలి జేబులో వెచ్చగా ఉంచాలి. వెచ్చని గదిలోకి రాగానే లెన్సు చెమరుస్తుంది. కాసేపు సంచి మూత తీయకూడదు. ఇవన్నీ లక్షలు పోసి ఎక్కిన ఓడ మీద నేర్చుకునే సంగతులు కావు. ముందు ఘూమ్ వెళ్లిరండి, అలాస్కా సంగతి తర్వాత చూద్దాం.